ఎర్ర కారుకు కట్టిన తాడిపత్రి

నా ఉద్యోగంలో ఆఖరి మూడేళ్లు వికారాబాద్‌లో గడిచాయి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా అక్కడికి బదిలీ మీద వచ్చిన రెండో ఏడు, శ్రావణ మాసంలో ఈ సంగతి జరిగింది. కాగితాల మీద మమ్మల్ని ఎంవీఐ అని రాస్తారు. జనం మాత్రం మొదటి నుంచీ బ్రేకు ఇన్‌స్పెక్టరు అనే పిలుస్తారు. ఆ పేరు మాలో చాలామందికి నచ్చదు కానీ, పనిని అది సరిగ్గానే చెబుతుంది.

లైసెన్సులు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు మేమే ఇస్తామని అందరికీ తెలుసు. తెలియని పని ఇంకొకటుంది. రోడ్డు మీద మనిషి చనిపోయినా, గట్టి దెబ్బలు తగిలినా, ఆ బండిని పరీక్షించమని పోలీసులు మమ్మల్ని రాతపూర్వకంగా అడుగుతారు. మేము వెళ్లి స్టీరింగు, బ్రేకులు, టైర్లు, లైట్లు చూసి, ప్రమాదం బండిలోని లోపం వల్ల జరిగిందా లేదా అని నివేదిక చివర ఒక్క వాక్యం రాస్తాం. కేసు చాలా వరకు ఆ వాక్యాన్ని పట్టుకునే నడుస్తుంది. బ్రేకు ఫెయిలైందని రాస్తే నడిపినవాడి నేరం సగం పోయినట్టే.

వికారాబాద్ నుంచి తాండూరు పోయే దారిలో వానాకాలం శని, ఆదివారాలు వేరుగా ఉంటాయి. అనంతగిరి గుట్టలు పచ్చబడగానే హైదరాబాద్ నుంచి కార్లు వరుస కడతాయి. వాటిలో కొన్ని నేలకు జానెడు ఎత్తున, ఇద్దరే కూర్చునేలా ఉండే రేసు బండ్లు. వంపుల్లో వాటి చప్పుడు మైలు దూరం వినిపిస్తుంది. ఆ దారినే గొర్రెల మందలూ నడుస్తాయి, నాపరాళ్ల లారీలూ నడుస్తాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అలాంటి ఎర్ర కారొకటి ఒక వంపు దగ్గర బీరప్ప అనే గొర్రెల కాపరిని కొట్టింది. యాలాల్ మండలంలోని ఒక పల్లె అతనిది. మంద రోడ్డు దాటుతుండగా వెనక నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడు. కుడి కాలు మోకాలి కింద నుజ్జయింది. పదకొండు గొర్రెలు అక్కడికక్కడే పోయాయి. కారు నడిపిన యువకుడికి ఎయిర్‌బ్యాగులు, అదే గాలి సంచులు, తెరుచుకోవడంతో చిన్న గీత కూడా పడలేదు. పోలీసులకు అతడు చెప్పింది ఒకటే మాట: "బ్రేకు తొక్కాను, పడలేదు."

కారును ట్రాలీ మీద తెచ్చి ఆ దారిలోనే ఉన్న ఒక ఠాణా ఆవరణలో దించారు. ఆ ఠాణా పేరు ఇక్కడ రాయను. సోమవారం ఉదయం కాగితం అందగానే వెళ్లాను. ముందు భాగం చితికింది, రేడియేటరు పగిలింది కాబట్టి నడిపి చూసే వీలు లేదు. స్టీరింగు, టైర్లు బాగున్నాయి. పెడల్ తొక్కితే గట్టిగానే ఉంది. బ్రేకు ఆయిలు నిండుగా ఉంది. అద్దాలు రెండూ పూర్తిగా ఎత్తి ఉన్నాయని, లోపల పొడిగా ఉందని నోట్‌బుక్కులో రాసుకున్నాను. అలా రాసుకోవడం మాకు అలవాటు. తరువాత అది పనికొచ్చింది.

రెండు పనులు మాత్రం ఆ రోజు తీరలేదు. చక్రాలు విప్పి బ్రేకు ప్లేట్లు చూడాలి. ఆ నట్లకు కంపెనీ ఇచ్చే ప్రత్యేకమైన పానా ఉంటుంది, అది బండిలో లేదు. రెండోది ముఖ్యమైనది. ఇలాంటి కార్లలో రెండు సీట్ల మధ్య, చిన్న గట్టు మీద, అరచేతి వెడల్పు పెట్టె ఒకటుంటుంది. గాలి సంచులను తెరిచేది అదే. గుద్దుకోవడానికి ముందు కొన్ని సెకన్లలో వేగమెంత, బ్రేకు తొక్కారా లేదా అన్నది అది గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని చదివే యంత్రం కంపెనీ వాళ్ల దగ్గరే ఉంటుంది. హైదరాబాద్ సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే, శుక్రవారం గానీ మనిషిని పంపలేమన్నారు.

అంటే నాలుగు రోజులు. ఆకాశం చూస్తే నల్లగా ఉంది.

వానలో బయట నిలబెట్టిన కారుకు ఏమవుతుందంటే చాలామంది పైరంగు గురించే ఆలోచిస్తారు. రంగుకు వానతో పెద్ద ప్రమాదం లేదు. ఇనుప బ్రేకు ప్లేట్లు ఒక్క రాత్రి తడికే ఎర్రబడతాయి. ముందు అద్దం కింద నీళ్లు పోయే సన్నని దారులు ఆకులతో మూసుకుంటే నీళ్లు లోపలికి దిగి, తివాచీ కింద నిలుస్తాయి. నేల ఎత్తు తక్కువైన బండి గుంతలో ఉంటే కింది నుంచి కూడా ఎక్కుతాయి. నాకు ఫికరు ఆ పెట్టె గురించి, ఆ ప్లేట్ల గురించి.

ఠాణాలో ఎవరికీ ఆ ఫికరు లేదు. వాళ్లది వేరే పరేషాన్. "సార్, పొద్దటి నుంచి పైనుంచి నాలుగు ఫోన్లొచ్చినయ్," అన్నాడు ఎస్సై. "బండి మీద గీత పడొద్దంట." బీరప్ప కాలు సంగతి అడుగుతూ ఎన్ని ఫోన్లు వచ్చాయని అడిగాను. అతను నవ్వాడు. కానిస్టేబుళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి కారు పక్కన ఫోటోలు దిగుతున్నారు.

నీడ కావాలని అడిగితే హెడ్ కానిస్టేబుల్ ఖాదర్ ఖాళీ చేతులు చూపించాడు. "మా రికార్డు రూమే కురుస్తున్నది సాబ్. ఉన్న ఒక్క తాడిపత్రి దాని మీద కప్పినం." మా దిక్కు టార్పాలిన్‌ను తాడిపత్రి అంటారు. ఖాదర్ చెప్పింది నిజమే. ఆ గది కప్పు నీళ్లు ఒక గొట్టం గుండా కారు నిలబెట్టిన మూలలోనే పడతాయి.

అంతలో కారు యజమాని తరఫున ఒక మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. కారుకు కొలత పెట్టి కుట్టించిన వెండి రంగు కవరు తెచ్చాడు. "మీకు శ్రమ లేకుండా మేమే కప్పుతాం సార్," అన్నాడు. నాకు ఊరట కలిగింది. ఫిట్‌నెస్ కోసం లారీలు ఎదురు చూస్తున్నాయని, వాళ్లు కవరు విప్పుతుండగానే జీపెక్కాను. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నేను చేసిన తప్పుల్లో అదొకటి.

గేటు దగ్గర ఒక ఆడమనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నెత్తిన గొంగడి. ఆమె బీరప్ప భార్య మల్లమ్మ అని గేటు దాకా వచ్చిన ఖాదర్ చెప్పాడు. పెనిమిటి దగ్గర మరిదిని ఉంచి, ఎఫ్ఐఆర్ కాపీ కోసం వచ్చింది. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి ఆ కాపీ ఉచితంగా, అడగకముందే ఇవ్వాలని చట్టం. ఆమెను రేపు రమ్మన్నారు.

మంగళవారం పొద్దంతా వాన. బుధవారం ఉదయం తాండూరులో బడి బస్సుల తనిఖీకి పోతూ ఠాణా దగ్గర ఆగాను. వాన వెలిసింది. వెండి కవరు కింద కారు చూడటానికి పొందికగా ఉంది. మల్లమ్మ అదే గోడ పక్కన ఉంది, చీర అంచులు తడిసి బురద పట్టాయి.

"బండికి సొక్కా తొడిగిన్రు," అంది నన్ను చూసి. "నేను మూడొద్దుల సంది ఈడనే కూసున్న. జర వరండాల కూసో అన్నోళ్లు లేరు."

నేను తల ఊపి ముందుకు నడిచాను. ఆమె మళ్లీ పిలిచింది.

"సారూ, వాన ఒడిసి గంటాయె. గా బండి తలుపు కింది నుంచి ఇంక నీళ్లు కారుతనే ఉన్నయ్. కప్పిన బండిల నీళ్లెట్ల వచ్చినయ్?"

అడుగున వంగి చూశాను. నిజమే. తలుపు అంచు నుంచి సన్నగా ధార. కారు చుట్టూ తిరిగి గోడ వైపుకు పోయాను. ఆ సందులోకి మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టడు. రోడ్డు నుంచి, ఠాణా నుంచి కనిపించే మూడు వైపులా కవరును నేల దాకా బిగించి కట్టారు. గోడ వైపు మాత్రం అది కిటికీ పైదాకా మడిచి ఉంది. ఆ వైపు అద్దం కిందికి దిగి ఉంది. రికార్డు గది గొట్టం సరిగ్గా దానికి ఎదురుగా ఉంది. అద్దం ఎంత దిగిందో స్కేలు పెట్టి కొలిచాను, నాలుగు అంగుళాలు. లోపల తివాచీ మీద మడమ మునిగేంత నీళ్లు.

నాకు ఒళ్లు మండిపోయింది. తాళం చెవి ఎవరి దగ్గరుందని అడిగాను. సీజు చేసిన వస్తువుల గదిలో ఉండాలి, ఉంది కూడా. "కానీ మొన్న మేనేజరు సాబ్ చాబీ అడిగిండు, కవరు సక్కగ కట్టనీకె అన్నడు. ఇచ్చినం, మళ్ల తీస్కున్నం," అన్నాడు ఖాదర్. అతను చెడ్డవాడు కాడు. పెద్దమనిషిలా కనిపించినవాడు అడిగితే కాదనలేకపోయాడు. నేనూ అదే మనిషిని చూసి జీపెక్కి వెళ్లిపోయాను కదా.

మేనేజరుకు ఫోన్ చేశాను. "లోపల బూజు పట్టకుండా కాస్త గాలి కోసం వదిలాం సార్. అవి చాలా ఖరీదైన తోలు సీట్లు," అన్నాడు. గాలి ఆడాలన్నది అబద్ధం కాదు. తడి ఆరని బండిని ప్లాస్టిక్కులో చుడితే బూజు పడుతుంది. కానీ గాలి కోసం అద్దం దించేవాడు వేలెడు దించుతాడు, గొట్టం కిందకు దించడు. ఆ మాట అతనితో అన్నాను. లైను కట్టయింది.

ఎస్సై దగ్గరకు వెళ్లి పంచనామా రాయాలన్నాను. "మస్తు చిన్న ముచ్చట సార్, ఎందుకు పెద్దగ చేసుడు?" అన్నాడు. రోడ్డు అవతల నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్ నుంచి ఇద్దరు పెద్దమనుషుల్ని సాక్షులుగా నేనే పిలిపించాను. వాళ్ల ముందు కొలత రాయించి, సంతకాలు తీసుకున్నాను. ఆ పని ఎవరు, ఎందుకు చేశారన్నది రాయలేదు. దానికి నా దగ్గర ఆధారం లేదు. నా నోట్‌బుక్కు ప్రకారం సోమవారం ఎత్తి ఉన్న అద్దం ఇప్పుడు ఎంత దిగింది, తాళం చెవి ఎవరికి ఇచ్చారు, నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయి అన్నంత వరకే రాశాను.

తరువాత నీళ్లు తీసే పని. అద్దం ఎత్తించాను. అడుగున ఉండే రబ్బరు బిరడాలు పీకితే నీళ్లు బకెట్ల కొద్దీ దిగాయి. మిగిలింది ఖాదర్, నేను పాత గుడ్డలతో తోడాం. పెట్టె ఉన్న గట్టు నేలకంటే నాలుగు వేళ్లు ఎత్తు. తడి గుర్తు దాని అంచుకు ఒక వేలు కింద ఆగి ఉంది. ఇంకొక గంట వాన పడి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

మళ్లీ మబ్బు పట్టింది. వెండి కవరు తీయించి పక్కన పెట్టించాను. తడిసిన బండికి ఒళ్లంతా అంటుకునే కవరు పనికిరాదు. పైన డేరాలా పందిరి వేసి, కారుకూ గుడ్డకూ మధ్య మూరెడు ఖాళీ వదలాలి. వాన లోపలికి రాదు, ఆవిరి బయటికి పోతుంది. పందిరికి పెద్ద తాడిపత్రి కావాలి. తాండూరు నుంచి తెప్పించేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

"మా మంద మీద కప్పేది ఉన్నది," అంది మల్లమ్మ. అంతలోనే ఆమె ముఖం మారింది. "నా పెనిమిటి కాలు ఇరగ్గొట్టిన బండికి నేను గుడారం కట్టాల్నా సారూ? గొర్లు వానల తడుస్తయ్. ఉన్న గుడ్డ దీనికి ఇయ్యాల్నా?"

నేను నవాబుపేట పక్క పల్లెలో కూలి ఇంట పుట్టినవాణ్ని. ఆ ప్రశ్నకు ఆఫీసు భాషలో జవాబు చెప్పలేను. "మల్లమ్మా, గా బండిల ఒక పెట్టె ఉన్నది," అన్నాను. "ఆ పిలగాడు బ్రేకు తొక్కిండో లేదో దానికే ఎరుక. అది తడిసి చెడిపోతే వాడు చెప్పిందే రాసుకోవాలె. నాకైతే వేరే దారి లేదు."

ఆమె కారు వైపు తిరిగింది. "అయితే అది ఎండుగనే ఉండాలె," అంది. పాత ఫోను తీసి అన్నకు చెప్పింది. గంటన్నరలో అతను ఆటోలో తాడిపత్రి, వెదురు కట్టెలు వేసుకుని వచ్చాడు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. ఫిర్యాదుదారు మనుషులు కేసు సొత్తును తాకితే రేపు కోర్టులో అదే పెద్ద కథవుతుంది. అందుకని కారు చుట్టూ తాడు కట్టించి మల్లమ్మను, ఆమె అన్నను బయటే నిలబెట్టాను. కట్టెలు పాతింది, గుడ్డ కట్టింది ఖాదర్, ఇద్దరు కానిస్టేబుళ్లు. ఎక్కడ ఏటవాలు ఉండాలో, ఎక్కడ గాలికి లేస్తుందో ఆమె బయటి నుంచే చెప్పింది. మందకు డేరాలు వేసిన చెయ్యి. మా వాళ్లు రెండుసార్లు కట్టి విప్పారు, ఆమె చెప్పినట్టు కట్టిన మూడోసారి నిలిచింది. పాలిష్ యూనిట్ వాళ్లు పగిలిన నాపరాళ్లు ఇచ్చారు. జాకీతో ఒక్కొక్క చక్రం లేపి, కింద రెండేసి రాళ్లు పెట్టి కారును గుంతలోని నీళ్లకు పైన నిలబెట్టాం. హ్యాండ్‌బ్రేకు తీసేసి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాం. తడిలో బిగించి వదిలితే బ్రేకు పట్టుకుపోతుంది. తలుపుల మీద కాగితాలు అంటించి సీలు వేశాను. తాళం చెవిని కాగితపు కవరులో పెట్టి ఇద్దరు సాక్షులు, నేను, ముగ్గురం సంతకాలు చేశాం.

అదంతా అయ్యాక ఎస్సై గదిలోకి వెళ్లి, ఆమె ఎఫ్ఐఆర్ కాపీ నా ముందే ఇవ్వమన్నాను. అది నా పని కాదని అతను గుర్తు చేశాడు. నిజమే, కాదు. నా పని కానిదాన్ని అంత గొంతు పెంచి అడగడం సర్వీసులో అదే మొదటిసారి. కాపీ పది నిమిషాల్లో వచ్చింది. మూడు రోజులు ఆమెను గోడ పక్కన కూర్చోబెట్టింది ఆ పది నిమిషాల పనికోసం.

గురువారం మళ్లీ కుండపోత. రెండు పూటలా వెళ్లి సీళ్లు చూశాను. పందిరి కింద నేల తడిసింది, కారు తడవలేదు. మల్లమ్మ ఆసుపత్రికి వెళ్లిపోయింది. ఆమె అన్న మాత్రం ఒకసారి వచ్చి, తాడు బయట నిలబడి చూసి పోయాడు. మంద మీద యూరియా సంచులు కుట్టి కప్పామని చెప్పాడు.

శుక్రవారం సర్వీసు సెంటరు నుంచి నడివయసు టెక్నీషియన్ వచ్చాడు. తక్కువ మాటల మనిషి. చక్రాలు విప్పాడు. మొదటి రోజుల తడికి ప్లేట్ల మీద ఎర్ర పొర పట్టింది. మెత్తని ఉప్పు కాగితంతో నాలుగుసార్లు రుద్దితే కింద అద్దంలా తెల్ల లోహం. ప్యాడ్లు కొత్తవే. ఆయిలు గొట్టాల్లో లోపం లేదు. తరువాత యంత్రం తగిలించి పెట్టెను చదివాడు. తెర మీద గీతలు వచ్చాయి. నాకు చూపిస్తూ, "సార్, ఇది వేగం. ఇది బ్రేకు. గుద్దేదాకా బ్రేకు తొక్కలేదు," అన్నాడు. ఇంకో గీత మీద వేలు పెట్టి, "ఆక్సిలరేటరు మీదే కాలుంది," అన్నాడు.

ఆ వంపులో ఆ వేగం ఎంతో ఇక్కడ రాయను. నివేదికలో రాశాను. చివరి వాక్యం కూడా రాశాను: ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరిగింది కాదు.

కేసు విచారణకు వచ్చేసరికి నేను రిటైరయ్యాను. సమన్లు అందితే వెళ్లాను. ఎదుటి వకీలు ముందుగా ఒక ఫోటో చూపించాడు. చక్రం సందుల్లోంచి తీసినది, బ్రేకు ప్లేటు ఎర్రగా ఉంది. "ఇంత తుప్పు పట్టిన బ్రేకు పనిచేస్తుందా?" అని అడిగాడు. ఆ తుప్పు ప్రమాదం తరువాతి వానదని, విప్పి తుడిచి చూశానని, ముందూ తరువాతా తీసిన ఫోటోలు నివేదికతో ఉన్నాయని చెప్పాను. తరువాత తాడిపత్రి దగ్గరకు వచ్చాడు.

"అది ఎవరిది?"

"గాయపడిన వ్యక్తి భార్యది."

"అంటే కేసు సొత్తును ఫిర్యాదుదారు చేతికి అప్పగించారు."

"లేదు. వాళ్లు తాడు బయట ఉన్నారు. కట్టింది పోలీసులు. పంచనామాలో ఉంది. మీ క్లయింటు తరఫున వచ్చిన మనిషి మాత్రం తాళం చెవి తీసుకుని తలుపు తెరిచాడు. అదీ పంచనామాలో ఉంది."

వకీలు కాగితాలు తిరగేశాడు. మేజిస్ట్రేటు తలెత్తి, ఠాణాలో తాడిపత్రి లేదా అని అడిగారు. ఒకటుందని, అది కురుస్తున్న రికార్డు గది మీద ఉందని చెప్పాను. కోర్టులో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నడిపిన యువకుడికి శిక్ష పడింది. అతడు అప్పీలుకు వెళ్లాడు, బెయిలు మీద ఉన్నాడు. ఆ దారిలో ఇప్పటికీ ఆదివారాలు ఎర్ర కార్లు పోతున్నాయి. బీరప్పకు మోకాలి కింద కాలు తీసేశారు. కోర్టు బయట చంకలో కర్రతో నిలబడి, "గొర్లను రోడ్డెందుకు ఎక్కించినవని అందరు అడిగిన్రు సారూ," అన్నాడు. "నాకు జవాబు లేక కాదు. మా ఊరికి అది తప్ప వేరే బాట లేదు." మందను ఇప్పుడు మల్లమ్మ తోలుతోంది.

ఆ ఎర్ర కారు తరువాత, రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి ప్రమాద నివేదికలో మొదటి పేరా ఒక్కటే విషయం మీద ఉంటుంది. బండిని ఎక్కడ నిలబెట్టారు, కప్పు ఎవరు తెచ్చారు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, లోపల చెయ్యి పెట్టి చూస్తే తడి తగిలిందా లేదా. ఆ సోమవారం నేను అవి చూడకుండా వెళ్లిపోయాను. నీళ్లు కారుతున్న సంగతి కనిపెట్టింది మల్లమ్మ. ఎర్ర కారు నివేదికలో ఆమె పేరు నీళ్లు కనిపెట్టిన మనిషిగానే రాసి, కింద సంతకం పెట్టాను.